ఊరు కట్టు ఆట

వేసవిలో కృష్ణానది సన్నగిల్లి ఇసుకతిన్నెలు బయటపడినపుడు ఒడ్డుననున్న పల్లెల పిల్లలు పాదమును తడి ఇసుకతో కప్పి, పైన అరచేత తట్టి, మెల్లగా కాలు వెలికి తీయుదురు. పిచ్చుకగూడు నిలుచును. దాని ప్రక్క మరియొకటి, వాని నడుమ పుల్లతో గీసిన బాట, బాట చివర పిడికెడు నీరు పోసిన గుంట. అదియే చెరువు. ప్రొద్దు వాలునప్పటికి ఊరు సిద్ధము. ఈ ఆటలో ఎవరును గెలువరు, ఎవరును ఓడరు. ఎప్పుడు ముగియవలెనను నియమమును లేదు. ఇంటినుండి అమ్మ కేక వేసినపుడు ముగియును.

కంప్యూటరు తెరమీద ఆడెడి ఆటలలో ఒక జాతికి ఆంగ్లమున ‘ఇసుకతొట్టి ఆట’లని అర్థమిచ్చు పేరు కలుగుటకు ఇదియే కారణము. తక్కిన ఆటలలో శత్రువును కూల్చవలెను, లేదా పందెమున ముందు నిలువవలెను. ఇందులో కొంత భూమిని చూపి, నీకు తోచినది చేసికొమ్మని ఊరకుందురు. ఈ జాతిలో మిక్కిలి పేరుగాంచినది మైన్‌క్రాఫ్ట్. స్వీడను దేశస్థుడైన మార్కస్ పెర్సన్ దాని తొలిరూపమును 2009 మే నెలలో లోకమునకు చూపెను. సంపూర్ణరూపము 2011 నవంబరులో వెలువడెను. దానిని తయారుచేసిన మొజాంగ్ సంస్థను 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు కొనెను. 2023 నాటికి 30 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయినవి. గద్వాలలో చేతిఫోను పట్టిన బాలునకును, స్టాక్‌హోములోని బాలికకును నేడు ఇది ఒకే ఆట.

ఆ లోకమంతయు దిమ్మలతో కట్టబడినది. ఒక్కొక్క దిమ్మ మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు. మట్టి ఒక దిమ్మ, రాయి ఒక దిమ్మ, కొయ్య ఒక దిమ్మ. దేనినైనను పెరికి మరియొకచోట నిలుపవచ్చును. ఆటగాడు మొదట వట్టిచేతులతో అడుగిడును. చెట్టును గ్రుద్ది కొయ్య సంపాదించును. కొయ్య పికాసుతో రాతిని, రాతి పికాసుతో ఇనుమును, ఇనుప పికాసుతో వజ్రమును త్రవ్వును. పగలును రేయియు కలిసి 20 నిమిషములు. చీకటి పడగానే నడచు పీనుగులు బయలుదేరును. కావున తొలిరాత్రి చాలమంది ఆటగాండ్రు మట్టిలో గుంత త్రవ్వి, పైన ఒక దిమ్మ మూసికొని, తెల్లవారువరకు బిక్కుబిక్కుమనుచు కూర్చుందురు. మానవజాతి వేలయేండ్లలో నడచిన దారిని ఒక బాలుడు ఒక మధ్యాహ్నమున నడచుచున్నాడన్నమాట!

ఇల్లు కట్టుట తేలిక. ఊరు కట్టుట వేరు. ఆటలో అక్కడక్కడ గ్రామములు కలవు, వానిలో గ్రామస్థులుందురు. వారిని పోషించి ఊరు పెంచదలచిన వాడు మొదట మంచములను లెక్కించవలెను. జనమునకు మించి మంచములుండి, తిండి చాలినంత ఉన్నప్పుడే బిడ్డలు కలుగుదురు. ఊరి నడుమ గంట యుండును. ఆపద వచ్చినపుడు మ్రోగించినచో అందరును ఇండ్లలోనికి పరుగిడుదురు. రాత్రి కాపలాకు ఇనుప మనిషి తిరుగుచుండును.

గ్రామస్థునకు వృత్తి అబ్బు విధము ఇంకను వింతయైనది. పనిలేని వాని ముంగిట వ్యాసపీఠమును పెట్టినచో అతడు గ్రంథపాలకుడగును. ఎరువుతొట్టి పెట్టినచో సేద్యగాడగును. కొలిమి పెట్టినచో కవచములు చేయు కమ్మరి యగును. కాని పీఠము పెట్టినంతనే ఆరితేరడు. అతనితో బేరమాడిన కొలది అతని నేర్పు పెరుగును. క్రొత్తవానినుండి నిపుణునివరకు అయిదు మెట్లున్నవి. కొనువాడు లేనిచో ఎంతటి పనివాడును మొదటి మెట్టుననే నిలిచిపోవును. ఆట తయారుచేసినవారు ఏ ఊరి చేనేతవాడలను చూచి దీనిని కల్పించిరోగాని, గద్వాలలో మగ్గపు గుంతలో కాళ్ళు దించి కూర్చున్న నేతగానికి ఈ సంగతి ఎవ్వరును చెప్పనక్కరలేదు. నూలు చీరకు పట్టు అంచును, పట్టు కొంగును పోగుపోగున కలిపి నేయుట గద్వాల పనితనము. అది ఒక్కనాటిలో వచ్చునది కాదు; వచ్చిన పిమ్మట కొనువారు లేనిచో నిలుచునదియు కాదు.

గ్రామస్థులకు జ్ఞాపకశక్తియు కలదు. ఆటగాడు ఒకనిని కొట్టినచో ఆ మాట ఆ నోట ఈ నోట ప్రాకును. మరునాడు అంగడిలో అతనికి ధరలు పెరుగును. పీనుగుగా మారిన వానికి మందిచ్చి మరల మనిషిని చేసినచో, ఆ మేలును తలచుకొని ధర తగ్గించెదరు. ఆటగానికి మంచివాడు, చెడ్డవాడు అను బిరుదులను ఎవరును తగిలింపరు. అతడు చేసిన పనులన్నియు ఊరి నోళ్లలో నిలిచి, వెలల రూపమున తిరిగివచ్చును. ఈ ఆటలో శీలము పెరుగుట యనగా ఇదియే. ఈ సూక్ష్మమును గమనింపక వజ్రములకొరకే పరుగులెత్తువారు ఆటలో సగమును పోగొట్టుకొన్నట్లే.

ఒక్క విషయమున మాత్రము ఈ ఆట పాలమూరు సీమ వారికి నవ్వు పుట్టించును. అది నీటి సంగతి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడును 2016 అక్టోబరు 11వ తేదీవరకు మహబూబ్‌నగరు జిల్లాలోనివే; ఆనాడే వేరు జిల్లాలైనవి. వాన నమ్మరాని నేల. అటువంటి చోటివాడు ఆటలో నాలుగు దిమ్మల గుంట త్రవ్వి, ఎదురెదురు మూలల రెండు బకెట్ల నీరు పోసి చూచునుగదా, ఎంత తోడినను ఆ గుంట తరుగదు! ఒక్క దిమ్మ నీరు నాలుగు దిక్కుల నాలుగేసి దిమ్మల దూరము వరకు నేలను తడుపును. కట్ట లేదు, తూము లేదు, వంతు లేదు, తగవు లేదు.

ఈ సీమలో ఊరు కట్టినవారు మొదట కట్టినది చెరువు. వనపర్తి సంస్థానములోని ఏడు పెద్ద చెరువులకు సప్తసముద్రములని పేరు. శ్రీరంగాపురమున రంగనాయకస్వామి ఆలయము రంగసముద్రము ఒడ్డుననే యున్నది. నాగర్‌కర్నూలులో కేసరి సముద్రము కలదు. కడలికి ఎంతో దూరమున నున్నవారు చెరువును సముద్రమని పిలుచుకొనుటలో ఎంత ఆశ దాగియున్నదో ఊహింపవచ్చును. వాగునకు అడ్డముగా మట్టికట్ట పోయవలెను. కట్ట లోపలివైపు అలలకు కోసుకొనిపోకుండ రాతి పరుపు పరువవలెను. పొలములకు నీరు వదలుటకు తూము, మిగులు నీరు కట్టను తెంపకుండ పోవుటకు అలుగు ఉండవలెను. ఇంతయు చేసిన పిమ్మట, ఎవరి మడికి ఏ వేళ నీరు పారవలెనో చూచుటకు నీరటి ఒకడు కావలెను. అతని మాట అందరును వినవలెను. ఊరు అక్కడ మొదలగును. గద్వాలలో సోమనాద్రి కట్టించిన మట్టికోటయైనను, అందలి చెన్నకేశవాలయమైనను, కవిపండితుల రాకపోకలతో ఆ ఊరికి వచ్చిన విద్వద్గద్వాల యను పేరైనను ఆ తరువాతి మాటలే.

కట్టుటలో పాలమూరు కూలీలకు దేశమంతట పేరున్నది. ఇంటికి తాళము వేసి, పిల్లలతో కూడ తరలి, దూరదేశముల ఆనకట్టలును కాలువలును కట్టిరి. పని ముగిసినంతనే వారి గుడిసెలును లేచిపోయెడివి. తాము కట్టిన కాలువనీరు వారు చాలమంది త్రాగలేదు.

మైన్‌క్రాఫ్టును ఒంటరిగానే కాక, ఇంటర్నెట్టు ద్వారా వందలమంది ఒకే లోకమున కూడి ఆడవచ్చును. అప్పుడు ఆటకు అసలు రుచి వచ్చును, చిక్కులును వచ్చును. 2014లో డెన్మార్కు ప్రభుత్వపు భూపట శాఖ తమ దేశమునంతటిని, ప్రతి కొండను, ప్రతి వీథిని, ఉన్నదున్నట్లు దిమ్మలతో కట్టి అందరికిని తెరచెను. ప్రేలుడు మందును ముందుగానే నిషేధించిరి. అయినను కొందరు ఆకతాయిలు మందు నింపిన గనిబండ్లను తెచ్చి కొన్ని కట్టడములను కూల్చిరి. కూలినదానిని మరల నింపుటకు ఎక్కువ కాలము పట్టలేదు; మూలప్రతి కంప్యూటరులో భద్రముగానే యుండెను.

ఇదే ఆటను ఐక్యరాజ్యసమితివారి మానవ నివాస సంస్థ 2012 నుండి మరియొక పనికి వాడెను. కెన్యా రాజధాని నైరోబీలోని కిబేరా అను పేదవాడలో ఆటస్థలము కట్టవలసివచ్చినది. ఇంజనీర్ల పటములు వాడలోని వారికి అర్థము కావు. కావున ఆ స్థలమును దిమ్మలలో చూపి, బాట ఎక్కడ, దీపము ఎక్కడ, కూర్చుండు చోటు ఎక్కడ అని వారినే పెట్టి చూపుమనిరి. చదువురాని తల్లియు తెరమీద దిమ్మను జరిపి తన మాట చెప్పగలదు. ఊరిని గూర్చి ఊరివారిని అడుగుట చిన్న విషయముగా తోచవచ్చును. అడుగనిచోట ఏమగునో కృష్ణాతీరమువారికి తెలియును.

శ్రీశైలమువద్ద కృష్ణపై ఆనకట్టకు 1963 జూలై 24వ తేదీన ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. జలాశయపు పూర్తిమట్టము 885 అడుగులు. ఆ గీతకు దిగువనున్న ఊళ్లన్నియు లేచిపోవలసినవే. అప్పటి మహబూబ్‌నగరు, కర్నూలు జిల్లాలలో నూరింటి దరిదాపు గ్రామములు, లక్షకు మించిన జనము ముంపునకు గురియైరి. 1981 నాటికి ఇండ్లు కూల్చి ఊళ్లను ఖాళీ చేయించిరి.

ఆ వేళ దేవాలయముల విషయమున ఒక ఘనకార్యము జరిగినది. కృష్ణా తుంగభద్రల కూడలియైన కూడవెల్లిలోని చాళుక్యకాలపు సంగమేశ్వరాలయమును రాతికి రాయిగా విప్పిరి. విప్పుటకు ముందు పటములు గీసి, ప్రతి రాతిపై అంకె వేసిరి. బండ్లకెత్తి అలంపురమునకు చేర్చి, అంకెల వరుసన మరల నిలిపిరి. జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయమును, సోమశిల ఆలయములును ఈ రీతినే మెట్టకు తరలినవి. దిమ్మలాట ఎరిగిన బాలుడెవడైన అలంపురము పోయి ఆ గోడముందు నిలిచినచో, రాళ్ల నడుమనున్న అతుకులను చూడగనే ఆ పని పద్ధతి ఇట్టే గ్రహించును.

గుడి కదలినట్లు ఊరు కదలలేదు. ఇంటి దూలములను, తలుపులను కొందరు బండ్లమీద తెచ్చుకొనిరి. నల్లరేగడి పొలమునకు అంకె వేయుట ఎట్లు? నది ఒడ్డున తాతలనాటి మామిడితోటకు? ఏ కయ్య ఏ వానకు నిండునో ఎరిగిన నీరటి కొత్త ఊరిలో దేనిని చూచి నీరు వదలవలెను? పరిహారము తక్కువయనియు, ఆలస్యమైనదనియు జనులు కోర్టుల కెక్కిరి. ముంపునకు గురియైన కుటుంబములవారికి ప్రభుత్వోద్యోగములలో అవకాశమిచ్చుటకు 1986లో 98వ సంఖ్యగల ఉత్తర్వు వెలువడెను. దాని అమలుకొరకు దశాబ్దములపాటు అర్జీలు, దీక్షలు సాగినవి. నాటి బాలురు అర్జీలు వ్రాయుచునే నడివయస్సు దాటిరి.

ఆనకట్ట నిష్ప్రయోజనమని చెప్పుట న్యాయము కాదు. నాగర్‌కర్నూలు జిల్లా కొండలలోని శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రపు సామర్థ్యము 900 మెగావాట్లు. ఈ జిల్లాలలో పిల్లవాడు ఫోనుకు ఎక్కించు విద్యుత్తులో ఆ నీటి పాలు కొంత యుండకపోదు. అతడు తెరమీద కట్టు ఊరు ఆ విధముగా మునిగిన ఊళ్ల మీదనే నిలిచినది.

సోమశిలకు ఆవలిగట్టున, నంద్యాల జిల్లాలో, సంగమేశ్వరమను మరియొక క్షేత్రము కలదు. అక్కడి పాత గుడి ఏటేట వానకాలమున జలాశయములో మునుగును. నీటిమట్టము తగ్గినకొలది మొదట శిఖరము, పిదప గోడలు, కడపట మెట్లు బయటపడును. అప్పుడు పూజారి బురద కడిగి దీపము వెలిగించును. జనులు పుట్లలోను, పడవలలోను వత్తురు. మునిగిన పల్లెల మొండిగోడలును ఆ దినములలోనే అక్కడక్కడ పైకి తేలును. ముసలివారు మనుమలను వెంటబెట్టుకొని ఆ బురదలో నడచుచు, ఇది మన వాకిలి, ఇది వంటయిల్లు, ఇక్కడ బావి యుండెడిదని చూపుదురు. పిల్లలు కొంతసేపు విని, నీటి అంచున తడి ఇసుక కనబడగనే అటు పరుగెత్తుదురు.