ఆంధ్రకేసరిని తీర్చినవారు

దర్శిలో చదువుకొను బాలుడు తన చిరునామా వ్రాయునపుడెల్ల చివరి పంక్తిలో ‘ప్రకాశము జిల్లా’ అని వ్రాయును. చేతికి అలవాటైన మాటయగుటచే దానినిగూర్చి అతడు వేరుగా ఆలోచింపడు. ఆ పేరు ఈ సీమలోనే పుట్టి, పేదరికమున పెరిగి, ఆంధ్రులకెల్ల ఆరాధ్యుడైన ఒక మహానుభావునిది. 1970వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన, అంతకుముందు నెల్లూరు జిల్లాలోనుండిన దర్శి, పొదిలి, కనిగిరి, కందుకూరు ప్రాంతములును, గుంటూరు జిల్లాలోనుండిన ఒంగోలు, అద్దంకి, చీరాల ప్రాంతములును, కర్నూలు జిల్లాలోనుండిన మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములును కలిపి ఒంగోలు జిల్లాగా ఏర్పరచిరి. 1972లో, టంగుటూరి ప్రకాశము పంతులుగారు పుట్టిన నూరేండ్లకు, ఆ జిల్లాకు వారి పేరు పెట్టిరి.

జిల్లాకు పేరిచ్చినవారిని లోకమెరుగును. వారికి బ్రతుకు నిచ్చినవారిని ఎరిగినవారు కొందరే. చెట్టుకొనను పూచిన పువ్వును చూచినవారు వేరును చూడరు గదా! ప్రకాశము పంతులుగారి జీవితమునకు అట్టి వేళ్లు రెండు కలవు. ఒకటి కన్నతల్లి సుబ్బమ్మగారు. రెండవది చదువు చెప్పిన గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు.

ప్రకాశము 1872వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతములోని వినోదరాయునిపాలెమున జన్మించెను. తండ్రి గోపాలకృష్ణయ్యగారు. ప్రకాశమునకు పదునొకండేండ్ల ప్రాయమున తండ్రి పరమపదించెను. బిడ్డల భారము సుబ్బమ్మగారిపై బడెను. ఆమె బిడ్డలతో ఒంగోలు చేరి పూటకూళ్ల యిల్లు నడపసాగెను.

ఆ కాలమున పూటకూళ్ల యిల్లు నడపుట గౌరవమైన వృత్తిగా ఎంచబడలేదు. డబ్బు తీసికొని అన్నము పెట్టువారిని లోకము చులకనగా చూచెడిది. నలుగురు ఏమనుకొందురో ఆ తల్లి ఎరుగకపోలేదు. అయినను చేయి చాచుటకంటె చేయి కాల్చుకొనుటయే మేలని ఆమె తలచెను. తెల్లవారకమున్నే పొయ్యి రాజవేసి, వచ్చినవారికెల్ల వండి వడ్డించి, ఆ వచ్చిన కాసులతోనే బిడ్డలను సాకెను. కష్టపడి సంపాదించిన కూడు తలవంపు కాదని ఆమె నోటితో చెప్పనక్కరలేకపోయెను. ఆమె దినచర్యయే ఆ పాఠమును చెప్పెను.

ప్రకాశము మిక్కిలి చురుకైన పిల్లవాడు, అంతకుమించి అల్లరివాడు. ఆటలన్నను, నాటకములన్నను, స్నేహితుల గుంపన్నను అతనికి ప్రాణము. అయినను పెద్దవాడై వకీలు కావలెనను కోరిక చిన్ననాడే అతని మనస్సున నాటుకొనెను. పూటకూళ్లమ్మ కొడుకు వకీలగునా యని నవ్వినవారు లేకపోరు. కాని పిల్లవాని కోరికను తల్లి నవ్వులాటగా తీసికొనలేదు.

ఇంతలో మిడిలు పరీక్ష వచ్చెను. దానికి మూడు రూపాయల రుసుము చెల్లింపవలసియుండెను. ఈనాడు మూడు రూపాయలు లెక్కలోనికి రావు. ఆనాడు ఆ యింట అవి కొండంత ధనము. గడువు దగ్గరపడెను, ఇంట పైకము లేదు. అద్దంకిలో ఒక దగ్గరి బంధువు కలడు. అతడు ఆదుకొనునేమో యను ఆశతో ప్రకాశము ఒంగోలునుండి బయలుదేరి ఇరువది మైళ్లకు పైబడిన త్రోవను కాలినడకను పోయెను. అక్కడ పని కాలేదు. పోయినంత దూరమును వట్టిచేతులతో మరలి వచ్చెను. పోవునపుడు ఆశ తోడుండెను. వచ్చునపుడు అదియును లేదు. ఆ త్రోవ ఆ బాలునికి రెండింతలై తోచియుండును.

కొడుకు ముఖము చూడగనే తల్లి సంగతి గ్రహించెను. తనకున్న పట్టుబట్టను తీసికొనిపోయి కుదువపెట్టి మూడు రూపాయలు తెచ్చి కొడుకు చేతిలో నుంచెను. రుసుము చెల్లెను. ఆ దినమున ఆ మూడు రూపాయలు దొరకకున్న ఆ బాలుని చదువు అక్కడనే ఆగియుండవచ్చును. అనేక సంవత్సరముల పిమ్మట ‘నా జీవిత యాత్ర’ అను స్వీయచరిత్రను వ్రాయునపుడు, పదవులను బిరుదములను చూచిన ఆ వృద్ధుడు ఈ మూడు రూపాయలను మరువలేదు.

తల్లి ప్రాణము నిలిపెను. త్రోవ చూపుటకు మరియొకరు కావలసియుండెను. ఒంగోలు మిషను పాఠశాలలో హనుమంతరావు నాయుడుగారు ఉపాధ్యాయులు. వారికి నాటకకళయందు మిక్కుటమైన ప్రీతి. చూడచక్కని రూపమును, గట్టి గొంతును గల ప్రకాశమును వారు చేరదీసిరి. ప్రకాశము స్త్రీ పాత్రలు ధరించి ప్రేక్షకుల మెప్పు పొందెను. వేషము కట్టి, దీపముల వెలుగున నిలిచి, తన మాటకు నలుగురు తల యూపుట చూచినపుడు పేదబాలునికి కలుగు సంతోషము ఇంతంతయని చెప్పనలవి కాదు. సభలో జంకు లేక నిలిచి మాటాడు నేర్పు, తరువాత న్యాయస్థానములలోను బహిరంగ సభలలోను వారికి పెట్టని కోటయైనది.

అల్లరి పిల్లవానిని దండించి పంపివేయుట సులభము. ఆ అల్లరిలోని చురుకుదనమును గుర్తించి దానికి త్రోవ చూపుట కష్టము. నాయుడుగారు ఆ కష్టమైన పనినే ఎన్నుకొనిరి. వారు రాజమహేంద్రవరమునకు తరలిపోవునపుడు, అచ్చట చదువునకు అనుకూల్యము మెండని, ప్రకాశమును తమ వెంట తీసికొనిపోయిరి. కన్నబిడ్డ కాడు, బంధువు కాడు, ఇతనివలన ప్రతిఫలము వచ్చునను ఆశయు లేదు. అచ్చటను ప్రకాశము ఆటపాటలలో పడి మెట్రిక్యులేషను పరీక్షలో ఒకసారి తప్పెను. అయినను గురువుగారి నమ్మకము సడలలేదు. ప్రకాశము మద్రాసు వెళ్లి న్యాయశాస్త్రము చదివి రెండవ తరగతి ప్లీడరై రాజమహేంద్రవరమునకు వచ్చెను. ఒంగోలు పూటకూళ్ల యింటి పిల్లవాడు ఆ పట్టణ పురపాలక సంఘమునకు అధ్యక్షుడయ్యెను. పిదప ఇంగ్లండు వెళ్లి బారిస్టరై, 1907లో మద్రాసున స్థిరపడి విశేషముగా ధనమార్జించెను.

తరువాతి కథ దేశచరిత్రలో చేరినది. గాంధీమహాత్ముని పిలుపు నందుకొని పంతులుగారు వేలకొలది రాబడిగల వృత్తిని విడిచిరి. 1921లో ‘స్వరాజ్య’ పత్రికను స్థాపించి, గడించిన ధనమును దానికి ధారపోసిరి. 1928 ఫిబ్రవరి 3వ తేదీన సైమను కమిషనుకు నిరసన తెలుపుటకై మద్రాసు నగరమున ప్రజలు గుమిగూడిరి. తుపాకులు చేబట్టిన వారి యెదుట పంతులుగారు రొమ్ము విప్పి నిలిచిరి. ఆ ధైర్యమునకు మెచ్చి ప్రజలు వారిని ‘ఆంధ్రకేసరి’ యనిరి. 1946లో మద్రాసు రాష్ట్రమునకు, 1953 అక్టోబరు 1వ తేదీన ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు వారు ముఖ్యమంత్రులైరి. 1957 మే 20వ తేదీన దివంగతులగునాటికి వారికి కూడబెట్టిన ఆస్తి లేదు.

చేతినున్నదానిని ఇచ్చివేయుటకు వెనుదీయని ఆ గుణము ఎచ్చటనుండి వచ్చెను? పట్టుబట్టను కుదువపెట్టిన తల్లి కడుపున పుట్టినవానికి అది క్రొత్త విద్య కాదు. పరుల బిడ్డను తన బిడ్డగా చూచిన గురువు చేత పెరిగినవానికి దేశమెల్ల తన యిల్లగుట వింత కాదు.

బాలబాలికలారా! సంతోషము దూరమున ఎచ్చటనో ఉండునని తలపకుడు. బడినుండి రాగానే అమ్మ పెట్టిన వేడి సజ్జరొట్టె, కందిచేలు పూచినపుడు గట్టుమీద నడచిపోవు సాయంకాలము, మార్కాపురపు పలకమీద మొదటి అక్షరము కుదిరిన నాడు ఉపాధ్యాయుడన్న ‘భేష్’ అను ఒక్క మాట, ఇవియే సంతోషములు. ఇవి వెలలేనివి, కాని ఊరక వచ్చినవి కావు. రొట్టె వెనుక పొయ్యి సెగకు ఓర్చినవారు కలరు. అక్షరము వెనుక చేయి పట్టి దిద్దించినవారు కలరు. వారి పేర్లు ఏ జిల్లాకును పెట్టరు. వారిని తలచుకొనవలసినవారు మీరే. ఇకమీద చిరునామా వ్రాయునపుడు చివరి పంక్తివద్ద ఒక్క క్షణము ఆగుడు. ఆ పేరుతోకూడ ఒక పూటకూళ్లమ్మను, ఒక బడిపంతులును మనస్సున నిలుపుకొనుడు.

ప్రశ్నలు

1. సుబ్బమ్మగారు పూటకూళ్ల యిల్లు నడపుటవలన ప్రకాశము నేర్చుకొన్న పాఠమేది?
2. మూడు రూపాయల రుసుము ఎట్లు చెల్లినదో మీ మాటలలో వ్రాయుడు.
3. హనుమంతరావు నాయుడుగారు అల్లరి పిల్లవానియందు ఏమి చూచిరి? దానికి ఎట్లు త్రోవ చూపిరి?
4. మీ చదువునకు తోడ్పడిన ఒకరినిగూర్చి పది పంక్తులు వ్రాసి వారికి చదివి వినిపింపుడు.