నాణెపు అంచు: తప్పేది? తేడా యేది?

విద్యార్థులారా! నాణెమునకు బొమ్మ యొక వైపును, బొరుసు మరియొక వైపును ఉండునని మీరెరుగుదురు. కాని దానికి మూడవ ముఖ మొకటి కలదు. అదియే అంచు. దాని చరిత్రను, దానిపై అక్షరములు దిద్దు విధమును, అందు నిజముగా కలుగు తప్పులను, తప్పులని భ్రమింపజేయు తేడాలను ఈ పాఠమున వివరింతుము. తలిదండ్రులును దీనిని చదువవలెనని కోరుచున్నాము. ఏలయన ఈ భ్రమవలన ఇంటి పైకమునకే నష్టము కలుగుచున్నది.

అంచునకు కాపు ఏల?

బంగారు గనుల సీమలో పుట్టినవారికి బంగారపు రజను విలువ ఒకరు చెప్పనక్కరలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడువరకు మన పెద్దలు భూమిలోపల రాతిని పగులగొట్టి, టన్ను రాతికి కొన్ని గ్రాముల లెక్కన బంగారము తీసిరి. ఛాంపియన్ రీఫు గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినది. అంత శ్రమతో లభించు లోహమున చిన్న తునకయు ధనమే కదా!

ఈ సంగతి దొంగలకును తెలియును. పూర్వకాలమున వెండి బంగారు నాణెములను సుత్తితో కొట్టి చేయుచుండిరి. వాని అంచు వంకరటింకరగా నుండుటచే, మోసగాండ్రు దానిని సన్నముగా కత్తిరించి తునకలు దాచుకొని, తరిగిన నాణెమును పూర్తి విలువకే చెల్లించుచుండిరి. దీనికి విరుగుడుగా 1662 మొదలుకొని ఇంగ్లండున యంత్రముతో ముద్రించిన పెద్ద వెండి నాణెముల అంచున అక్షరములు ఎక్కించిరి. చిన్నవానికి గాట్లు పెట్టిరి. కత్తిరించినచో అక్షరము చెడును, మోసము బయటపడును. పాత నాణెములు మాత్రము చలామణీలో మిగిలి తరుగుచునే యుండెను. కనుక 1696లో వానిని వెనుకకు తీసికొని మరల ముద్రింపవలసి వచ్చెను. ఆ యేడే సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు న్యూటన్ లండను టంకశాలలో పదవి స్వీకరించెను.

అక్షరములు దిద్దు మూడు విధములు

మొదటిది: బొమ్మ వేయుటకు ముందే లోహపు బిళ్ళను అక్షరములు గల రెండు ఉక్కు పట్టెల నడుమ దొర్లింతురు. రెండవది: బొమ్మ వేయునప్పుడు, బిళ్ళ చుట్టును బిగించి పట్టు ఉక్కు వలయములోనే అక్షరములు చెక్కియుంతురు. మూడవది: బొమ్మ వేసిన పిదప వేరొక యంత్రమున అంచును నొక్కుదురు.

మొదటి, మూడవ విధములలో బొమ్మకును అంచు అక్షరములకును పొత్తు లేదు. బిళ్ళ ఏ వైపు తిరిగి యంత్రమున పడునో ఎవరును చూడరు. కావున ఒక నాణెమును బొమ్మ పైకుండునట్లు పట్టుకొన్నచో అక్షరములు నిలువుగా కనబడును. అట్టిదే మరియొక దానిపై తలక్రిందులుగా కనబడును. ఇది తప్పు కాదు. ఆ పనితీరులోనే ఉన్న సహజమైన తేడా.

మరి తప్పెట్లుండును? 2007లో అమెరికా దేశమువారు తమ అధ్యక్షుల బొమ్మలతో డాలరు నాణెములు ముద్రించి, సంవత్సరమును మరికొన్ని మాటలను అంచున నొక్కించిరి. జార్జి వాషింగ్టను బొమ్మగల నాణెములు కొన్ని ఆ యంత్రమునకు పోకయే బయటికి వచ్చెను. వాని అంచు నునుపుగా మిగిలెను. జాన్ ఆడమ్సు నాణెములు కొన్నింటిపై అక్షరములు రెండుసార్లు పడెను. ఇవి నిజమైన ముద్రణ దోషములు. పని యొక్క మెట్టు తప్పినప్పుడు, లేదా రెండుమార్లు జరిగినప్పుడు దోషము పుట్టును.

మన నాణెముల మాట

మన దేశమున చలామణీ నాణెముల అంచున గాట్లే వాడుక. 1992 నుండి వచ్చిన దళసరి ఐదు రూపాయల నాణెమునకు అంచు నడుమ గాడి యుండును. ఇరువది రూపాయల నాణెమునకు పండ్రెండు పలకలు; గాట్లు లేవు. గాట్లు లేవని దానిని దోషమనరాదు.

సంవత్సరము క్రింది గుర్తు టంకశాలను తెలుపును. నక్షత్రము హైదరాబాదుది, వజ్రాకారము ముంబయిది, చుక్క నోయిడాది. కలకత్తా నాణెమునకు గుర్తు లేదు. నక్షత్రము చూచి అపూర్వ వస్తువనుకొనుట పొరబాటు.

పది రూపాయల నాణెమును అంగళ్ళలో త్రోసిపుచ్చుట మీలో పలువురు చూచియే యుందురు. ఒకదానిపై పదునైదు గీతలు, వేరొకదానిపై పది; ఒకదానిపై రూపాయి గుర్తు కలదు, వేరొకదానిపై లేదు. రూపాయి గుర్తు పుట్టినదే 2010లో; అంతకు ముందటి నాణెముపై అది ఎట్లుండును? అప్పటికి వెలువడిన పదునాలుగు రూపములును చెల్లునని భారతీయ రిజర్వు బ్యాంకు 2018 జనవరి 17న ప్రకటించెను. కూలి డబ్బుగా వచ్చిన నాణెమును తేడాగా ఉన్నదని కాదనినచో నష్టపడువాడు పేదవాడే.

దీనికి ఎదురైన మోసమును కలదు. “మీ నాణెమున దోషమున్నది, లక్షలు వచ్చును, ముందు రుసుము కట్టుడు” అని ఆశపెట్టువారున్నారు. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి రుసుము అడుగువారిని నమ్మవలదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించినది.

తేడాను తప్పనుకొనుట ఒక నాణెములకే కాదు. మన కోలారు సీమ పిల్లలు “అంగడి” అనగా, కోస్తావారు “కొట్టు” అందురు. రెండును తెలుగే; రెండును చెల్లును. టంకశాలలు వేరైనంత మాత్రమున నాణెము చెడునా? మన యింటి మాటను తప్పని చిన్నబుచ్చుకొనవలదు. గ్రంథభాషను నేర్చుకొనుడు, ఇంటి పలుకును కాపాడుకొనుడు.

అభ్యాసము

1. ఇంటనున్న నాణెముల అంచులను చూచి గాట్లు, గాడి, పలకలు గలవానిని, నునుపైనవానిని వేరుచేయుడు.

2. నాణెమును నిలువుగా పట్టి ఎడమనుండి కుడికి త్రిప్పుడు. వెనుక ముద్రయు నిలువుగా నుండవలెను. పక్కకు ఒరిగినచో ముద్రణ దోషమేమో పరిశీలింపవచ్చును.

3. పది రూపాయల నాణెము తూకము 7.71 గ్రాములు. కంసాలి త్రాసులో తూచి చూడుడు. గీచిన, అరగదీసిన నాణెము తూకము తగ్గును. అది టంకశాల తప్పు కాదు. పరీక్షకై నాణెమును ఆకురాయితో రాకవలదు. నాణెమును పాడుచేయుట 2011 నాటి చట్టము ప్రకారము నేరము.

4. మీ యింటి పలుకులో పాఠ్యపుస్తకమునకు భిన్నమైన పది మాటలు వ్రాసి, పెద్దలను అడిగి వాని అర్థము తెలిసికొనుడు.