ముంపు ఇల్లు: ముందు ఆరబెట్టాలి, తర్వాతే రంగు వేయాలి

వరద సాయం అందుకున్న కుటుంబాల కోసం పాఠం

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అప్పుడు రాష్ట్ర ప్రభుత్వం నగరంలోని ముంపు ఇళ్లకు సాయం ప్రకటించింది. గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి 25,000 రూపాయలు, మొదటి అంతస్తు, ఆపైన ఉన్నవారికి 10,000 రూపాయలు.

ఇలాంటి సాయం ఒక వరదకు ఒక్కసారే వస్తుంది. చాలామంది ముందుగా పుట్టీ, పెయింటు కొంటారు. పండగ వస్తోంది, చుట్టాలు వస్తారు, గోడలు చూడలేకపోతున్నాం అనుకుంటారు. తడి గోడ మీద వేసిన రంగు కొద్ది నెలల్లోనే పొక్కులు లేచి రాలిపోతుంది. దాని వెనకాల బూజు పెరుగుతుంది. డబ్బు పోతుంది, దగ్గు మిగులుతుంది. అందుకే ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది ఈ పాఠంలో వరసగా చెబుతున్నాం.

1. బూజు ఎలా పడుతుంది?

ఇక్కడ బూజు అంటే చీపురుతో దులిపే సాలెగూడు కాదు. ఊరగాయ జాడీలో తడి గరిటె పెడితే పైన తెల్లగా పడుతుంది చూడండి, ఆ బూజు. అది ఫంగస్. దాని గింజల్లాంటి కణాలు గాల్లో ఎప్పుడూ ఉంటాయి. తడి దొరికితే చాలు, చెక్క, అట్ట, బట్ట, గోడ మీది పాత రంగు, దేని మీదైనా 24 నుంచి 48 గంటల్లోనే మొదలవుతుంది. తడి లేకపోతే అది బతకలేదు. కాబట్టి అసలు మందు ఆరబెట్టడమే.

ఉబ్బసం ఉన్నవాళ్లు, చంటిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు, క్యాన్సర్ లాంటి జబ్బులకు మందులు వాడేవాళ్లు బూజు ఉన్న గదిలో పడుకోకూడదు. శుభ్రం చేసే పని వాళ్లకు అప్పగించవద్దు.

2. ముందు ఫొటోలు, తర్వాత కడగడం

నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద గీతలా కనిపిస్తుంది. కడగకముందే ఆ గీత, పాడైన సామాన్లు, ఇంటి నంబరు కనిపించేలా ఫొటోలు తీసుకోండి. జాబితాలో పేరు రాకపోతే సచివాలయంలో అర్జీ పెట్టేటప్పుడు ఇవి పనికొస్తాయి. బ్యాంకు ఖాతా ఆధార్‌తో లింక్ అయి ఉందో లేదో కూడా చూసుకోండి.

3. కరెంటు, గ్యాస్

స్విచ్ బోర్డు మునిగి ఉంటే మెయిన్ ఆన్ చేయవద్దు. ఎలక్ట్రీషియన్ చూసి సరే అన్నాకే వేయాలి. నీళ్లలో నిలబడి ఏ స్విచ్చూ ముట్టుకోకండి. మునిగిన ఫ్రిజ్, మోటారు, ఇన్వర్టర్ మెకానిక్ చూడకుండా ఆన్ చేస్తే కాలిపోతాయి, షాక్ కూడా కొట్టవచ్చు. కరెంటు ఫిర్యాదులకు 1912, గ్యాస్ లీకైతే 1906.

4. బురద తీసి కడగడం

బురద తడిగా ఉన్నప్పుడే తీసేయండి. ఎండితే గట్టిపడుతుంది, దుమ్ము లేస్తుంది. గోడలు పైనుంచి కిందికి కడగాలి. బీరువా వెనక, మంచం కింద, గూళ్ల లోపల, గుమ్మం చెక్క సందుల్లో కూడా చూడండి. చేతులకు గ్లవ్స్, కాళ్లకు బూట్లు ఉండాలి. కాలికి గాయం ఉన్నవాళ్లు వరద నీళ్లలో దిగవద్దు, ఎలుకల వల్ల వచ్చే జ్వరం సోకవచ్చు.

ముందు సబ్బు నీళ్లతో కడిగి, తర్వాత బ్లీచింగ్ నీళ్లు వాడాలి. లీటరు నీటికి 30 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు కలిపి, పది నిమిషాలు ఆగి, పైన తేరిన నీళ్లు వంచుకుని నేల మీద, గోడ మీద రాయండి. అరగంట తర్వాత మంచి నీళ్లతో కడిగేయండి. తలుపులు, కిటికీలు తీసే ఉంచాలి.

జాగ్రత్త: బ్లీచింగ్‌ను యాసిడ్‌తో గానీ, బాత్రూం క్లీనర్‌తో గానీ కలపవద్దు. విషవాయువు వస్తుంది.

5. ఆరబెట్టడం

ఇటుక గోడ నీళ్లను స్పాంజిలా పీల్చుకుంటుంది. నీటి గీతకు పైన కూడా తడి ఎక్కుతుంది. పైకి పొడిగా కనిపించినా లోపల తడి ఉంటుంది. అది పోవడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు పడుతుంది.

• ఎండ, గాలి ఉన్న వేళ తలుపులు, కిటికీలు, అల్మారా తలుపులు అన్నీ తెరిచి పెట్టండి. వాన పడుతుంటే మూసేయండి, బయటి చెమ్మ లోపలికి వస్తుంది.
• బీరువా, మంచం, సోఫా గోడకు ఆనించకుండా ఒక అడుగు దూరంగా జరపండి.
• కరెంటు సురక్షితమని తేలాక టేబుల్ ఫ్యాన్‌ను కిటికీ దగ్గర పెట్టి, తడి గాలి బయటికి పోయేలా తిప్పండి.
• ఉబ్బి, తడితే బోలుగా మోగే ప్లాస్టరింగ్ ఉంటే మేస్త్రీతో ఆ మేరకు చెక్కించండి.
• తడి గదిలో బట్టలు ఆరేయకండి.

6. గోడ ఆరిందా? ఇంట్లోనే పరీక్ష

అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పారదర్శక ప్లాస్టిక్ కవరు ముక్కను గోడకు పెట్టి, నాలుగు అంచులూ టేపుతో గాలి దూరకుండా అంటించండి. ఒక రోజు ఆగి చూడండి. కవరు లోపలి వైపు నీటి చుక్కలు కనిపించినా, గోడ రంగు ముదిరినా ఇంకా ఆరలేదు. వారం ఆగి మళ్లీ చేయండి. నీటి గీతకు కింద, పైన, మూలల్లో, కనీసం మూడు చోట్ల చూడాలి.

7. బూజు కనిపిస్తే

చీపురుతో దులపకండి. దులిపితే ఇల్లంతా పాకుతుంది. ఎన్95 మాస్క్, గ్లవ్స్ వేసుకుని సబ్బు నీళ్లలో తడిపిన గుడ్డతో తుడవండి. తర్వాత పైన చెప్పిన బ్లీచింగ్ నీళ్లు రాసి, కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. వాడిన గుడ్డ కవర్లో కట్టి పారేయండి.

గోడ మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు కాకపోవచ్చు. నీటి చుక్క వేయండి. కరిగిపోతే అది గోడలోంచి వచ్చిన ఉప్పు. పొడి బ్రష్‌తో రాల్చితే చాలు. కానీ గోడలో తడి ఇంకా ఉందనడానికి అది గుర్తు.

8. ఏది ఉంచాలి, ఏది పారేయాలి

• ఉంచవచ్చు: స్టీలు, ప్లాస్టిక్, గాజు సామాన్లు. టేకు మంచాలు, తలుపులు నీడలో నెమ్మదిగా ఆరబెట్టాలి, మండుటెండలో పెడితే పగుళ్లొస్తాయి.
• బట్టలు: వేడి నీళ్లు, సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయండి.
• పారేయాలి: మురుగు నీళ్లు పీల్చిన దూది పరుపులు, దిండ్లు, స్పాంజి సోఫాలు, ఉబ్బిన ప్లైవుడ్, అట్ట సామాన్లు. కడుపు కోతగానే ఉంటుంది. కానీ పరుపు లోపలి తడి ఎండకు పోదు.

9. బయటి వాళ్లను పిలవాలా?

ఒక గోడలో కొంత భాగానికే బూజు ఉంటే మీరే శుభ్రం చేసుకోవచ్చు. గదులన్నీ పట్టినా, డ్రైనేజీ నీళ్లు చాలా రోజులు నిలిచినా, ఇంట్లో ఊపిరి జబ్బు మనిషి ఉన్నా ఈ పని తెలిసినవాళ్లను పిలవడం మంచిది. వాళ్ల దగ్గర గోడలో తడి కొలిచే మీటరు, గాల్లో చెమ్మ లాగే డీహ్యూమిడిఫయర్ ఉంటాయి. మీటరు ఉందా, పని అయ్యాక మళ్లీ కొలిచి చూపిస్తారా, రేటు కాగితం మీద రాసిస్తారా అని ముందే అడగండి. కొలవకుండా "కెమికల్ కొడితే చాలు" అనేవాళ్లకు డబ్బు ఇవ్వకండి.

10. సాయం డబ్బు ఖర్చు వరస

మొదట వైరింగ్. రెండోది శుభ్రం, ఆరబెట్టడం. మూడోది పొడిగా పడుకోవడానికి మంచం, పరుపు. నాలుగోది ప్లాస్టరింగ్, తలుపులు. చివరికి రంగు.

ప్రశ్న: పండగ లోపు గోడలు బాగా కనిపించాలంటే?
జవాబు: సున్నం వేయించండి. సున్నం గోడలోని తడిని బయటికి పోనిస్తుంది, బూజును త్వరగా పట్టనివ్వదు, ఖర్చూ తక్కువ. పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు తడిని లోపలే బిగిస్తాయి. అవి కవరు పరీక్ష నెగ్గాకే.

ప్రశ్న: అద్దె ఇల్లయితే?
జవాబు: ప్లాస్టరింగ్, వైరింగ్ విషయం ఓనరుతో ముందే మాట్లాడండి. ఫొటోలు ఆయనకూ పంపండి.

ప్రశ్న: శుభ్రం చేశాక దగ్గు, ఆయాసం తగ్గకపోతే?
జవాబు: ఆ గదిలో పడుకోవడం ఆపి, 104కు ఫోన్ చేయండి లేదా దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి. ఊపిరి అందకపోతే వెంటనే 108.

ఇరుగుపొరుగులో ఎవరైనా ఇప్పటికే పెయింటు డబ్బాలు తెచ్చుకుని ఉంటే, తెరవకముందే ఈ పాఠం చూపించండి. డబ్బా నాలుగు వారాలు ఆగినా పాడవదు, తడి గోడ మీద వేస్తే మాత్రం మిగలదు.