ఆకాశమున రెండు ఎత్తులు

సోమందేపల్లి మీదుగా ఎగురు విమానమునందు రెండు సాధనములు రెండు ఎత్తులు చూపును. ఆల్టిమీటరు గాలి పీడనమును కొలిచి, దానినే ఎత్తుగా మార్చును. సముద్రమట్టమున పీడనము 1013.25 హెక్టోపాస్కలులు, వేడిమి 15 డిగ్రీలు అని దాని లెక్క. ఎండకాలమున గాలి వ్యాకోచించును. అప్పుడు విమానము ఆల్టిమీటరు చూపినదానికంటె పైన ఉండును.

ఉపగ్రహ సాధనమునకు గాలితో పనిలేదు. అది ఉపగ్రహముల దూరములనుబట్టి, భూమికి మారుగా ఊహించిన, ధ్రువములకడ కొంచెము అణగిన నున్నని గోళమునుండి ఎత్తును లెక్కించును. ఈ ప్రాంతమున సముద్రమట్టముగా ఎంచు తలము ఆ గోళమునకు సుమారు 80 మీటర్లు దిగువన కలదు. ఆ భేదమును సవరింపవలెను.

మరి పైలటు దేనిని అనుసరించును? ఎత్తైన మార్గములలో ఆల్టిమీటరునే. అచ్చట విమానములన్నియు దానిని 1013.25కే అమర్చుకొనును. లెక్క తప్పినను అన్నిటికి సమముగా తప్పును. విమానముల నడిమి ఎడము చెడదు. ఆ ఎడమే ప్రయాణికులకు ప్రాణరక్ష.