ప్రాచీనాయుధముల వయస్సును గుర్తించు విధము

కృష్ణాతీరమందలి పాత లోగిళ్లలో అటకమీదనో, పూజగదిలోనో ఒక కత్తియో, బల్లెమో, కఱ్ఱ చీకిపోయిన తుపాకియో తఱచుగా కనబడుచుండును. దసరాకు దానిని దించి, చింతపండుతోను ఇటుకపొడితోను తళతళలాడునట్లు తోమి, కుంకుమబొట్టు పెట్టి, మరల యథాస్థానమున నుంచెదరు. "ఇది యెప్పటిది?" అని పిల్లలడిగినచో "బొబ్బిలి యుద్ధమునాటిది" అనియో, "మా ముత్తాతకు నవాబుగారిచ్చినది" అనియో పెద్దలు సెలవిత్తురు. పాత సామానుల వర్తకుడు వచ్చి ఆ కథను శ్రద్ధగా విని, కత్తిని మాత్రము ఇనుము తూకమునకు కొని, పట్టణమునకు పోయి అదే కథతో పదింతల వెలకు అమ్మును. ఆయుధము తన వయస్సును తానెట్లు చెప్పునో మన విద్యార్థులు కొంత నేర్చుకొనిరేని, ఇట్టి నష్టము కొంత తప్పును. తలిదండ్రులు కూడ దీనిని చదువవలెనని కోరుచున్నాను. చింతపండు వారి చేతిలోనిది గదా.

మొదట తెలిసికొనవలసిన సంగతి యేమనగా, కత్తి యనునది ఒక్క వస్తువు కాదు. అలుగు, పిడి, ఒర అను మూడును వేర్వేఱు కాలములవి, వేర్వేఱు దేశములవి కావచ్చును. మంచి అలుగు తరతరముల ఆస్తి. పిడి వదలినప్పుడు గాని, యజమాని మాఱినప్పుడు గాని దానికి క్రొత్త పిడి తొడిగెడివారు. మనదేశపు తల్వారుల పిడిలో అలుగు తోకను చొప్పించి, లక్కతో బిగించుట వాడుక. వేడి తగిలిన లక్క కరగును, పిడి యూడివచ్చును. కావున ఈ మార్పు ఒక పూటపని. 16, 17 శతాబ్దులలో ఐరోపానుండి నిడుపైన నిటారు అలుగులు ఓడలలో దిగి, దక్కనులో ఇచ్చటి పిడులను తొడిగించుకొని "ఫరంగీ" యను పేరు పొందినవి. విఱిగిన ఫరంగీ ముక్కను పాఱవేయక, కఠారి పిడికి మేకులతో బిగించుటయు కలదు. కనుక పరీక్షించువాడు అలుగునకొక కాలము, పిడికొక కాలము, ఒరకొక కాలము విడివిడిగా వ్రాసికొనవలయును. మొత్తము ఆయుధము నేటి రూపమున కూర్పబడినది మాత్రము, అందలి మిక్కిలి క్రొత్తభాగము పుట్టిన తరువాతనే.

రెండవది, "ఇది ఫలాని సంవత్సరమునాటిది" అని చెప్పగలుగుట అరుదు. "ఇంతకు పూర్వముది కాజాలదు", "ఇంతకు తరువాతిది కాజాలదు" అని రెండు గట్లు కట్టి, నడుమనున్న కాలమును సన్నగించుచు పోవుటయే పద్ధతి. ఆకారము సాధారణముగా మొదటి గట్టును మాత్రమే చూపును. అమరావతి, నాగార్జునకొండ శిల్పములందు వీరుల చేతులలో నున్నవి నిటారు కత్తులు. వంకర అలుగు మన దేశమున వ్యాపించినది తుర్కుల, పారశీకుల సంపర్కముచేత. పిడితలపై పళ్లెమువంటి బిళ్ల గల తల్వారు 17వ శతాబ్దినుండి విరివిగా కనబడును. కాని అదే తల్వారును 19వ శతాబ్దిలోను కమ్మరులు చేసిరి. ఆకారము పాతదైనంతమాత్రమున వస్తువు పాతది కాదు. నాటక సమాజములవారి కత్తులు ఏ యుగమువో మనకు తెలియును గదా!

రెండు గట్లును దృఢముగా దొరకిన సందర్భమొకటి మన ఆంధ్రదేశముననే కలదు. కర్నూలు జిల్లా ఆదోని దుర్గము బిజాపురపు సుల్తానుల సేనానియగు సిద్ది మసూదు చేతిలో నుండగా, ఔరంగజేబు సేనలు దానిని జయించెను. ఆ సేనలో నుండిన బికనీరు రాజు అనూపసింగు 1689 ప్రాంతమున అచ్చటి ఆయుధములను తన యెడారి రాజ్యమునకు తరలించుకొని పోయెను. బికనీరు ఆయుధశాల లేఖకులు ఆ కఠారులమీదను కత్తులమీదను చుక్కచుక్కగా పొడిచిన దేవనాగరి అక్షరములతో ఆదోని పేరును, సంవత్సరమును గుర్తుగా వేసిరి. ఆ చుక్కల వ్రాత గల కఠారి ఆ సంవత్సరమునకు తరువాత పుట్టియుండదు. దానిని ప్రక్కన బెట్టి పోల్చి, వ్రాతలేని అనేకములైన దక్షిణదేశపు ఆయుధములకు పండితులు కాలము నిర్ణయించుచున్నారు. దోపిడి సొమ్మునకు పెట్టిన జాబితా చరిత్రకు ఇంత ఉపకరించునని ఆ లేఖకులు తలచియుండరు. హిందూదేశపు ఆయుధములను గూర్చి రాబర్టు ఎల్గుడ్ గారు 2004 లో ప్రకటించిన గ్రంథమునందు ఈ చర్చ విపులముగా నున్నది.

ఇక లోహము. తెలంగాణమందలి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము పేరు ప్రతి తెలుగు బాలుడును ఎఱిగియుండదగినది. అచ్చటివారు ఇనుమును మూసలలో మూసి, దీర్ఘకాలము కాచి, నెమ్మదిగా చల్లార్చి ఉక్కు బిళ్లలు చేసెడివారు. పారశీక వర్తకులు స్వయముగా వచ్చి కొనిపోయెడివారని వాయిసీ అను శాస్త్రజ్ఞుడు వ్రాసియున్నాడు. దానికి చేరువనే యున్న ఇందల్వాయిలో కత్తులు, బాకులు, బల్లెములు చేయుచుండుటను 1667 ప్రాంతమున ఆ త్రోవను పోయిన తెవెనో అను ఫ్రెంచి యాత్రికుడు పేర్కొనెను. ఆంగ్లేయులు "వూట్జ్" అని పిలిచినది మన "ఉక్కే" యని పలువురి యభిప్రాయము. ఈ ఉక్కుతో చేసిన అలుగుమీద నీటి అలలవంటి చారలు కనబడును. ఉక్కులో నూటికి ఒకటిన్నర పాళ్లవఱకు నుండు బొగ్గు అంశము సన్నని గట్టి రేణువులై వరుసలు తీరుటయే ఆ చారలకు కారణము. ఖనిజమున లేశమాత్రముగా నుండు వనేడియమువంటి ధాతువులు ఆ వరుసలకు తోడ్పడునని 1998 లో వెర్‌హోవెను మున్నగువారు ప్రయోగపూర్వకముగా చూపిరి.

చారలు చూడగానే సంతోషింపరాదు. చారలు మూడు విధములు. మూస ఉక్కు చారలు సన్నముగా, ఎచ్చటను అతుకు లేక, లోహమంతటను వ్యాపించియుండును. రెండు రకముల ఇనుమును మడిచి మడిచి సాగగొట్టిన అలుగున చారలు వెడల్పుగా నుండి, భూతద్దముతో చూచిన అతుకు గీతలు దొరకును. మూడవది మోసము: మామూలు ఇనుముమీద ఆమ్లముతో వ్రాసిన బొమ్మ. ఇది పైపొరయందే యుండి, వాదర అరిగినచోట ఆగిపోవును. నిజమైన చారలు అరిగినచోటను ఉండును. పూర్వులు అన్నభేది నీటిని పూసి చారలను పైకి తెచ్చెడివారు. విద్యార్థులు ఆ ప్రయోగము చేయబోరాదు. తెలిసినవారు కనబడని మూలలో గోరంత మేర చేయవలసిన పని యది. చింతపండు, ఇటుకపొడి మొదట తినునది ఈ చారలనే. మఱి రెండు మూడు తరముల దసరాలతో కోనసముద్రపు అలుగును కొడవలికత్తికిని భేదము కనబడదు.

వ్రాతలు చదువుట పిల్లలకు మిక్కిలి ఇష్టమైనది, మిక్కిలి మోసపుచ్చునదియు. పారశీకమున షా అబ్బాసు కాలమువాడని ప్రసిద్ధుడైన అసదుల్లా యను ఇస్ఫహాను పనివాని పేరు అసంఖ్యాకములైన అలుగులమీద కలదు. ఆ కత్తులన్నియు ఒక్కడే చేసెననుట నమ్మదగదు. అతడు మరణించిన రెండు శతాబ్దుల తరువాతను ఆ పేరు వేయుచునే యుండిరి. ఐరోపాలో ఫెరారా పేరునకును ఇదే గతి. జర్మనీ కమ్మరుల "పరుగెత్తు తోడేలు" ముద్రను ఇతరులును అనుకరించిరి. సంవత్సరము హిజరీలో నున్నచో, నూటికి మూడు చొప్పున తీసివేసి, మిగిలినదానికి 622 కలుపవలెను. ఉదాహరణమునకు 1098 హిజరీనుండి 33 తీసివేయగా 1065. దానికి 622 కలుపగా 1687, అనగా గోలకొండ పడిపోయిన సంవత్సరము. శాలివాహన శకమైనచో 78 కలిపిన చాలును. ఈ లెక్క సరిపోయినను, వ్రాత అలుగుతో పుట్టినదా, తరువాత చెక్కినదా యని చూడవలయును. పాత త్రుప్పు గుంటలను కోసికొనుచు అక్షరము పోయినచో, అక్షరము త్రుప్పుకంటె చిన్నది.

బల్లెములను గూర్చి ఎక్కువ చెప్పుటకు లేదు. ఆకువంటి మొన, కఱ్ఱ దూర్చుటకు గొట్టము—తెలంగాణపు రాక్షసగుళ్ల సమాధులలో దొరకిన ఇనుపబల్లెములకును, నిన్న మొన్నటి వేటబల్లెములకును రూపమున పెద్ద భేదము లేదు. గొట్టమును రేకువలె చుట్టి అతికిన గీత కనబడినచో కమ్మరి కొలిమిలోనిదనియు, నున్నగా ఒకే మందమున నున్నచో యంత్రపు పనియనియు తలంపవచ్చును. భూమిలో ఏ పొరలో, ఏ కుండలతో దొరకెనో తెలియని బల్లెమునకు కాలము చెప్పు సాహసము నేను చేయను.

తుపాకుల విషయమున మన బందరు గొప్ప పాఠశాల. డచ్చివారు 1605 లోను, ఆంగ్లేయులు 1611 లోను అచ్చట వర్తకశాలలు పెట్టిరి. 1750 నుండి ఫ్రెంచివారి వశమున నుండిన బందరు కోటను 1759 ఏప్రిలు 7వ తేదీ రాత్రి కర్నలు ఫోర్డు ముట్టడించి, తెల్లవాఱునప్పటికి పట్టుకొనెను. ఇన్ని జాతుల తుపాకులు తిరుగాడిన తావున, ముద్రలు తెలిసినవానికి గుర్తింపు సులభము. డచ్చి కంపెనీ ముద్ర వి, ఓ, సి అక్షరముల ముడి. ఆమ్‌స్టర్‌డాము శాఖదైనచో పైన ఏ అక్షరము కూడ నుండును. ఇంగ్లీషు కంపెనీ తుపాకి బందు రేకుమీద హృదయాకారమును గదులుగా విభజించి అక్షరములు వేసిన ముద్ర యుండినచో 1808 కి పూర్వముది. వెనుక కాళ్లమీద నిలుచున్న సింహముండినచో ఆ సంవత్సరము లగాయతుది. 39 అంగుళముల గొట్టము గల ఈ కంపెనీ నమూనానే ఇంగ్లండు ప్రభుత్వము 1797 లో తన సైన్యమునకు స్వీకరించెను. గొట్టముమీద రాజదండముల జంటయు కిరీటమును గల బర్మింగుహాము పరీక్షాముద్ర యున్నచో అది 1813 కు తరువాతిదే, ఆ పరీక్షాశాల పుట్టినది అప్పుడే గనుక.

నిప్పంటించు తీరును కూడ చూడవలెను. ముందు వత్తి తుపాకి, పిమ్మట చెకుముకి తుపాకి, ఆ వెనుక టోపీ తుపాకి వచ్చినవి. ఈ మూడవదానికి మూలము 1807 లో ఫోర్సైతు అను స్కాట్లండు పాదిరిగారు పొందిన పేటెంటు. రంజకము మెఱయుట చూచి నీటిపక్షులు ఎగిరిపోవుచున్నవని విసిగి ఆయన ఆ యుపాయము కనిపెట్టెనట. అయితే మన పల్లెకమ్మరులు వత్తి తుపాకులను 19వ శతాబ్దిలోను చేయుచునే యుండిరి. చెకుముకి తుపాకిని టోపీ తుపాకిగా మార్చుటయు సామాన్యము: రంజకపు పళ్లెము తీసివేసిన చోట, బందు రేకున పూడ్చిన మఱరంధ్రములు కనబడును. అట్టిదానికి రెండు పుట్టినదినములు వ్రాయవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక మిక్కిలి గట్టిగా చేయుచున్నాను. పాత తుపాకిలో మందు నిండియుండవచ్చును. నల్లమందు పొడిగా నున్నచో వందయేండ్లకైనను అంటుకొనును. పిల్లలు మీటను ముట్టరాదు, గొట్టములోనికి తొంగిచూడరాదు. పెద్దవారు గొట్టము ప్రక్కన గజమును ఆనించి పొడవు గుర్తించి, పిదప దానిని మెల్లగా గొట్టములో దించి చూడగా, నిప్పురంధ్రమునకు నాలుగైదు వ్రేళ్ల ఇవతలనే ఆగినచో మందున్నదని తలచి, తాకక పోలీసువారికి తెలుపవలెను. నూఱేండ్లు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టము, ఆయుధములకు 1959 నాటి చట్టము వర్తించును. విదేశములకు పంపుట నేరము. భూమిలో దొరకిన నిధి విలువ పది రూపాయలు మించినచో కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి చట్టము చెప్పుచున్నది.

మన సముద్రతీరపు ఉప్పుగాలికి ఇనుము నిలువదు. చెమటచేతితో అలుగును తాకక, మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, కుట్టుయంత్రమునకు వాడు పలుచని నూనెను సన్నపొరగా పూసి, ఒరనుండి తీసి వేఱుగా నుంచుడు. పాత తోలు తేమను పీల్చును. పొడవు, వెడల్పు, బరువు కొలిచి, ముద్రలకు ఛాయాచిత్రములు తీసి, ఇంటి పెద్దలు చెప్పిన కథను గూడ వారి మాటలలోనే వేఱొక కాగితముమీద వ్రాసికొనుడు. కథను కొలతలతో కలుపవద్దు. ఆ కాగితములు తీసికొని, సెలవులలో విజయవాడ బాపు మ్యూజియమునకు గాని, హైదరాబాదు సాలారుజంగు మ్యూజియమునకు గాని పోయి, అచ్చటి ఆయుధముల యెదుట నిలిచి పోల్చి చూడుడు. కత్తిని మాత్రము ఇంటనే యుంచి పొండు. రైలుబండిలో దానిని చూచినవారు మీ చరిత్రపరిశోధనను నమ్మరు.