నడుము నొప్పి: పరీక్ష, వ్యాయామ చికిత్స

హైదరాబాదు పాతబస్తీలోని గౌలిపురలో బస్తాలు మోసి బ్రతుకు ఒక కూలీని తలంచుకొందము. పాలమూరు పల్లె నుండి వలసపోయిన అతడు ఒకనాడు బస్తా ఎత్తబోయి, నడుము పట్టి కూలబడినాడు. పనికి పోలేడు, ఇంటికి సొమ్ము పంపలేడు. ఆ కష్టము తుదకు మన గ్రామమునకే చేరును. కావున పంచాయతీ సభ్యులు ఈ విషయమును తెలిసికొనుట అవసరము.

2020లో ప్రపంచమున సుమారు 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడిరి. వీరిలో నూటికి తొంబది మందికి ప్రత్యేకమైన వ్యాధి కారణముగా కానరాదు. అనేకులకు కొద్ది వారములలోనే నొప్పి తగ్గును.

పరీక్ష

ఫిజియోథెరపీ నిపుణుడు మొదట రోగి మాట వినును. నొప్పి ఎన్నడు మొదలైనది? ఏ పనితో హెచ్చును? కాలిలోనికి దిగుచున్నదా? పిమ్మట ముందుకు, వెనుకకు వంగుమనును. వెల్లకిల పరుండబెట్టి, మోకాలు వంచకుండ ఒక్కొక్క కాలిని పైకెత్తును. అప్పుడు నొప్పి మోకాటి క్రిందికి జివ్వున ప్రాకినచో నరముపై ఒత్తిడి కలదని అనుమానించును. పాదమున స్పర్శను, బొటనవ్రేలి బలమును కూడ చూచును. ప్రతివారికి ఎక్స్-రే అక్కరలేదు.

అపాయ సూచనలు

మూత్రము బిగియుట లేక అదుపు తప్పుట, మలద్వారము చుట్టు తిమ్మిరి, కాలు నానాటికి బలహీనపడుట — వీనిలో ఏది కనిపించినను ఆనాడే పెద్దాసుపత్రికి పంపవలెను. ఎత్తు నుండి పడిన పిదప వచ్చిన నొప్పి, జ్వరము, బరువు తగ్గుట ఉన్నచో వైద్యునికి చూపవలెను. అది ఎముక విరుగుట గాని, వెన్నెముక క్షయ గాని కావచ్చును. ఎదురుకాళ్లతో పుట్టినవారిచే నడుము తన్నించు ఆచారము అట్టివారికి మిక్కిలి ప్రమాదకరము.

చికిత్స

రోజుల తరబడి మంచము పట్టుట మేలు కాదు, కండరములు సడలిపోవును. ఓర్చుకొనగలిగినంత వరకు తిరుగుచుండవలెను. దీర్ఘకాలపు నొప్పికి అవగాహన, వ్యాయామము మేలనియు, నడుము పట్టీలు, ట్రాక్షను వాడుక తగదనియు 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. వెల్లకిల పరుండి, మోకాళ్లు మడచి, పిరుదులను మెల్లగా పైకెత్తి, ఐదు లెక్కించి దించుట ఒక సులభ వ్యాయామము. నడక మరియొకటి. 2024లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధనలో, శిక్షణతో నడచినవారికి నొప్పి తిరుగబెట్టుటకు మధ్యస్థముగా 208 దినములు పట్టగా, నడవనివారికి 112 దినములే పట్టినది.

మన కర్తవ్యము

గౌలిపుర కూలీకి మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి కలదు. పల్లెలో పడినవానికి దారి చూపవలసినది మనమే. అపాయ సూచనలను గ్రామసభలో చదివి వినిపింపుడు. 108 వాహనమును పిలుచుట అందరికిని నేర్పుడు. బరువును ఒంటికి చేర్చి, మోకాళ్లు వంచి ఎత్తుటను ఆరోగ్య కార్యకర్తచే యువకులకు చూపింపుడు. తగ్గిన నడుముతో కూలీ తిరిగి పనికి పోయినచో, ఒక కుటుంబము అప్పు చేయకుండ నిలబడినట్లే.