పసిబిడ్డల నడక చొప్పున

పాఠభాగము: ఆదికాండము 33:12-17



ఆసుపత్రికో, కోర్టుకో, బిడ్డల చదువుకో విజయవాడ పోని కుటుంబము మన సంఘములలో అరుదు. నెహ్రూ బస్ స్టేషన్‌లో దిగి, మందుల సంచి చేతబట్టుకొని, బందరు రోడ్డు దాటలేక నిలిచిపోయిన పల్లె ముసలమ్మను మీరు చూచియే యుందురు. తెల్ల చారలు గీచిన చోటనే నిలిచినను ఆమెకొరకు బండ్లు ఆగవు. ఒక అడుగు ముందుకు వేసెనా, హారను మ్రోగించి, "చావడానికి నా బండే దొరికిందా" అని గద్దించి పోవుదురు. పెద్దలు ఎదురైతే సైకిలు దిగి నడచినవారి మనుమలు ఈ తోలువారిలో అనేకులున్నారు.

ఏశావు 400 మందితో వచ్చి, తమ్ముని చూచి, కలిసి ప్రయాణము చేయుదమనెను. యాకోబు ఒప్పుకొనలేదు. వెంట పసివారును పాలిచ్చు గొఱ్ఱెలును ఉన్నందున, వారి అడుగు ఎంతో తన అడుగును అంతే యని తెలియజెప్పెను. అన్నను తప్పించుకొనుటకే ఆలాగు చెప్పెనని కొందరు వ్యాఖ్యాతలందురు. శేయీరు వత్తునని చెప్పి సుక్కోతుకు పోయెను గనుక వారి మాటను త్రోసివేయలేము. అయినను కాపరిగా అతడు పలికినది నిజము. మంద నడకను ముందుపోవు పొట్టేలునుబట్టి గాక వెనుకబడిన చూడి గొఱ్ఱెనుబట్టి నిర్ణయింపవలెను. గొఱ్ఱెలు కాచిన మీకు ఇది మేము చెప్పనక్కరలేదు.

పట్టణపు రోడ్డు మీద ఈ లెక్క తలక్రిందులైనది. లారీకి కారు జడియును, కారుకు మోటారు సైకిలు జడియును, నడచువాడు అందరికిని జడియును. 2022లో మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది చనిపోయిరని కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలుపుచున్నది. వారిలో నూటికి నలువది నలుగురు ద్విచక్ర వాహనములమీద పోవువారు, ఇంచుమించు ఇరువదిమంది నడచువారు. అనగా చుట్టును ఇనుప గోడ లేనివారే ఎక్కువమంది.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు, అనగా తొమ్మిది బారలు దాటును. కన్ను చూచి కాలు బ్రేకు నొక్కులోపలనే అంత దూరము పోవును. వేగము రెండింతలైతే, బ్రేకు పడిన తరువాత బండి నిలుచుటకు పట్టు దూరము నాలుగింతలగును. ఎంత నేర్పరియైనను దీనిని మార్చలేడు. పొడుచు ఎద్దని ఎరిగియు కట్టివేయని యజమానునిమీద నిర్గమకాండము 21వ అధ్యాయము ప్రాణాపరాధము మోపుచున్నది. తన బండి వేగము ఎరిగినవాడు ఆ యజమానునికంటె తక్కువవాడా?

యెహూ రథము తోలు తీరునుబట్టియే కావలివాడు దూరమునుండి అతని గుర్తుపట్టెను. మన వారి ఆటోల వెనుక సిలువ గుర్తు ఉండును, దాని క్రిందనే చెవులు పగులగొట్టు హారను ఉండును. చూచువారు రెండింటిని కలిపియే చదువుకొందురు.

పడిపోయినవానిని దాటిపోవుటకు పోలీసు భయము కారణమని అనేకులు చెప్పుదురు. 2019లో మోటారు వాహనముల చట్టమునకు 134ఎ సెక్షను చేర్చబడెను. ఆ సెక్షనుకు పెట్టిన పేరులోనే మంచి సమరయుడున్నాడు. సద్బుద్ధితో సహాయము చేసినవానిమీద ఆ విషయమై కేసు నిలువదు. తన పేరు చెప్పుమని వానిని బలవంతపెట్టరాదు. ఈ సంగతి ఇంటింట తెలియజేయుడి.

పట్టణములో ఆటో తోలు, ఇంటింటికి భోజనము చేరవేయు మన కుమారులను మాత్రమే నిందించుట న్యాయము కాదు. బండి మీద అప్పు వాయిదా, ఆలస్యమైతే కోపపడు బేరగాడు వారిని వెనుకనుండి తరుముచుందురు. బండి మీదనున్నాడని తెలిసియు మరల మరల ఫోను చేయు తల్లిదండ్రులును ఆ తరుమువారిలో చేరుదురు.

ఈ నెల కుటుంబ కూటములలో ఈ పాఠము చదువునప్పుడు, సెలవునకు వచ్చిన అట్టి యువకులను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడి. ముందుగా బోధింపక, ఏ కూడలిలో, ఎవరి తొందరవలన ఆగుట కష్టమగుచున్నదో వారినే చెప్పనిండి.